చక్రం ఎవరి చేతిలో ఉన్నది?

(తణుకులో జరిగిన మన సంక్షేమ సంఘ వార్షిక సమావేశంలో ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక ఎక్కి మా ఆరోగ్య విభాగం వాళ్ళం షుగరు గురించో, రక్తపోటు గురించో, కంటి శుక్లాల గురించో నాలుగు మాటలు చెప్పి దిగిపోతూ ఉంటాము. మీరూ ఓపికగా విని, తర్వాత భోజనాల దగ్గర బిర్యానీ ఇంకొక గరిటె వేయించుకుంటూ ఉంటారు. ఈ ఏడు చెప్పబోయేది మీరు ఎరిగిన జబ్బు కాదు. మన పిల్లల జేబుల్లోకి సద్దు లేకుండా వచ్చి చేరిన ఒక వస్తువు. దాని సంగతి చెప్పే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది.

మూడేళ్ళ క్రితం మన వాళ్ళ ఇంట వలీమా విందు జరిగినది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన ఒక కుర్రవాడు, మన మధ్య పుట్టి పెరిగినవాడే, అక్కడ ఏసీ మెకానిక్కు, భోజనాలయ్యాక షామియానా పక్కన నిలబడి జేబులోంచి మందపాటి పెన్నులాంటి దానిని తీశాడు. అడుగున చిన్న చక్రం. దాని చుట్టూ 3.2 మొదలు 4.8 వరకు అంకెలు. బొత్తాము నొక్కి పీల్చి వదిలితే మామిడిపండు వాసనతో తెల్లటి మబ్బు లేచింది. "ఇది సిగరెట్ కాదు చాచా, ఆవిరి. ఎంత కావాలంటే అంతకి మనమే తిప్పుకోవచ్చు" అన్నాడు. మాలో ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుని చక్రం అటూ ఇటూ తిప్పి చూశారు. అందరం నవ్వాము. "బీడీ కంపు కంటే నయమే కదరా" అన్నది కూడా మేమే.

ఆ కుర్రవాడు ఇప్పుడు దుబాయి మానుకుని ఇక్కడే ఉంటున్నాడు. అతని పేరు చెప్పము. జరిగినది చెప్పమని అతనే మాకు అనుమతి ఇచ్చాడు. "నేను చెబితే సిగ్గు చాచా, మీరు చెప్పండి. ఇంకొకడు నాలాగ కాకుండా ఉంటాడు" అన్నాడు. కనుక ఈ ప్రసంగంలో సగం అతనిదే అనుకోండి.

ఆ వస్తువు ఏమిటి?

పేరు ఎలక్ట్రానిక్ సిగరెట్. కుర్రాళ్ళు వేప్ అంటారు. 1960లలోనే అమెరికాలో ఒకాయన ఇటువంటి దానికి పేటెంటు తీసుకున్నాడు గాని అది బజారుకు రాలేదు. ఇప్పుడు మనం చూస్తున్న రకానికి మూలం 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు చేసిన పరికరము. అక్కడి నుంచి నాలుగైదేళ్ళలో లోకమంతా పాకినది.

లోపల ఉన్న యంత్రాంగం గొప్పదేమీ కాదు. పాత కిరసనాయిలు స్టవ్ మీలో చాలామంది వెలిగించి ఉంటారు. ట్యాంకులో నూనె, నూనెను పైకి లాగే వత్తి. ఇదీ అంతే. చిన్న ట్యాంకులో తియ్యటి ద్రవం ఉంటుంది. దానిలో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే రెండు చిక్కటి ద్రవాలు, పండ్ల వాసనలు, వాటితోబాటు నికోటిన్. దూదివత్తి ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. వత్తి చుట్టూ సన్నటి తీగ, దాన్ని కాయిల్ అంటారు. బొత్తాము నొక్కితే సెల్‌ఫోనులో ఉండే రకం లిథియం బ్యాటరీ ఆ తీగను వేడి చేస్తుంది. ద్రవం మరిగి మబ్బుగా పైకి వస్తుంది. మంట ఉండదు, బూడిద ఉండదు. అందుకని ఆవిరి అని పేరు పెట్టారు. కాని అన్నం కుండ మీద లేచే ఆవిరి లాంటిది కాదు అది. సన్నటి తుంపరల మబ్బు, దానిలో నికోటిన్ ఉన్నది.

ఇక చక్రం. చక్రం తిప్పితే తీగకు అందే వోల్టేజీ మారుతుంది. ఎలక్ట్రికల్ పని చేసేవాళ్ళు ఈ సభలో చాలామందే ఉన్నారు, మేము లెక్క తప్పితే వాళ్ళు దిద్దుతారు. తీగ నిరోధం 2 ఓములనుకోండి. 3.2 వోల్టుల దగ్గర దాని శక్తి సుమారు 5 వాట్లు. 4.8 దగ్గర పదకొండున్నర వాట్లు. వోల్టేజీ పెరిగినది ఒకటిన్నర రెట్లే, వేడిమి పెరిగినది రెండుంబావు రెట్లు! అదే 1.2 ఓముల తీగ పెడితే 3.7 దగ్గరే ఆ పదకొండున్నర వాట్లు వచ్చేస్తాయి. అంటే చక్రం మీది అంకె చూసి "నేను తక్కువలోనే ఉన్నాను" అనుకోవడానికి వీలు లేదు. తీగ మారితే అంకెకు అర్థమే మారిపోతుంది.

మన ఇళ్ళలోని ఇస్త్రీ పెట్టెకూ చక్రం ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇస్త్రీ పెట్టెలో వేడి హద్దు దాటితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉన్నది. ఈ మామూలు చక్రం పరికరానికి తీగ ఎంత వేడెక్కినదో తెలియనే తెలియదు. వత్తి తడిగా ఉన్నా, ఎండిపోయినా ఒకే వోల్టేజీ పంపుతూ ఉంటుంది.

పాకం ముదిరితే

చెరకు తోటల నడుమ, చక్కెర ఫ్యాక్టరీ నీడలో పెరిగిన ఊరు మనది. బెల్లం వండే చోట పెనం కింద మంట ఒక్క పిసరు ఎక్కువైతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అదే రసం, అదే పెనం. మంట సరిగా ఉంటే బంగారు రంగు బెల్లం, ఎక్కువైతే నల్లటి చేదు. గ్లిజరిన్ సంగతీ ఇంతే. కొద్ది వేడికి మరుగుతుంది, ఎక్కువ వేడికి విరిగిపోయి వేరే పదార్థాలు పుడతాయి. వాటిలో ముఖ్యమైనది ఫార్మాల్డిహైడ్.

2014లో పోలెండు, అమెరికా పరిశోధకులు కలిసి సరిగ్గా ఈ చక్రాన్నే పరీక్షించారు. 3.2 వోల్టుల నుంచి 4.8కి తిప్పినప్పుడు ఫార్మాల్డిహైడ్, దాని జాతి పదార్థాలు 4 రెట్ల నుంచి 200 రెట్లకు మించి కూడా పెరిగినట్లు చూపారు. మరుసటి ఏడు, అంటే 2015 జనవరిలో, అమెరికాలోని పోర్ట్‌లాండ్ శాస్త్రజ్ఞులు పేరుపొందిన ఒక వైద్య పత్రికలో ఇంకొక లెక్క వేశారు. 3.3 వోల్టుల దగ్గర వాళ్ళకు ఫార్మాల్డిహైడ్ జాడ దొరకలేదు, 5 వోల్టుల దగ్గర గట్టిగా దొరికినది.

ఫార్మాల్డిహైడ్ అంటే ఏమిటో మన జిల్లా వాళ్ళకు మరిచిపోలేని విధంగా తెలుసు. నీళ్ళలో కలిపితే దాని పేరు ఫార్మలిన్. 2018 జూలైలో మన చేపల్లో ఫార్మలిన్ ఉందని చెప్పి అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపలను కొన్నాళ్ళు ఆపివేసినది గుర్తున్నదా? చెరువుల మీద బ్రతికే వాళ్ళ గుండె గుభేలుమన్నది. "చేప మీద శవాల మందా!" అని మనమందరం ఎంత మండిపడ్డాము! అది క్యాన్సరు కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు విభాగం 2004లోనే తేల్చినది. చేప మీద ఒక చుక్క ఉంటే ఒప్పుకోని మనం, మామిడిపండు వాసన వేస్తే ఊపిరితిత్తుల్లోకి పీల్చుకుంటున్నాము.

ఇక్కడ రెండో పక్షం మాట కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. గ్రీసు దేశపు గుండె డాక్టరొకాయన ఆ పోర్ట్‌లాండ్ లెక్కకు జవాబు రాశాడు. అంత వోల్టేజీ దగ్గర వత్తి ఎండి మాడు రుచి వస్తుంది, మనిషన్నవాడు ఒక్క దమ్ము కూడా లాగలేడు, యంత్రం గనుక లాగినది అన్నాడు. మాట సబబుగానే ఉన్నది. మేము ఇదే సంగతి మన కుర్రవాణ్ణి అడిగాము. అతను చెప్పినది వినండి: "దుబాయిలో కాయిల్ కొట్లో దొరికేది చాచా, వారానికొకటి మార్చేవాణ్ణి. ఇక్కడికి వచ్చాక ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాడెవడో తెచ్చేదాకా పాత కాయిలే. మాడు వాసన వచ్చేది. గొంతు మండేది. ద్రవం ఇంకాస్త పోసి, మళ్ళీ లాగేవాణ్ణి."

మాడు రుచి వస్తే మనిషి ఆగుతాడు, నిజమే. మరి అలవాటుపడ్డ మనిషి ఎంతసేపు ఆగుతాడు?

చక్రం చెప్పని సంగతి

అతను దాన్ని కొన్నది మంచి ఉద్దేశంతోనే. రోజుకు అయిదారు సిగరెట్లు కాల్చేవాడు. మానాలనుకున్నాడు. "చక్రం ఉన్నది గదా, నెలనెలా కొంచెం కొంచెం కిందికి తిప్పి చివరకు సున్నా చేస్తాను" అనుకున్నాడు. మొదట 3.6 దగ్గర పెట్టాడు. సిగరెట్ నిజంగానే పోయినది. ఇంట్లో అందరూ సంతోషించారు.

కాని సిగరెట్‌కు ఒక చివర ఉన్నది. కాలిపోతుంది, వేళ్ళకు సెగ తగులుతుంది, పారెయ్యాలి. ఇంకొకటి కావాలంటే జేబు తడుముకోవాలి, బయటకు వెళ్ళాలి, అగ్గిపెట్టె కావాలి. దీనికి చివర లేదు. పక్క మీద పడుకుని లాగవచ్చు, స్నానాల గదిలో లాగవచ్చు, బండి మీద సిగ్నల్ దగ్గర లాగవచ్చు. రోజుకు అయిదారుసార్లు పొగతాగే మనిషి, తెలియకుండానే లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా పీల్చే మనిషి అయ్యాడు. అర్ధరాత్రి మెలకువ వస్తే చెయ్యి తలగడ కిందికి పోయేది. 3.6 చాలలేదు. 4 అయినది, 4.4 అయినది. ఏడాది తిరిగేసరికి 4.8. ఆ పైన చక్రం తిరగదు.

కిందికి తిప్పి చూడలేదా అన్నాము. తిప్పాడట. తిప్పిన రోజున రెండింతలు ఎక్కువసార్లు లాగాడట. ఇది అతని ఒక్కడి బలహీనత కాదు. ద్రవంలో నికోటిన్ తగ్గించి ఇస్తే మనుషులు ఎక్కువసేపు, ఎక్కువసార్లు పీల్చి ఆ లోటు పూడ్చుకుంటారని ఇంగ్లండులో జరిగిన పరిశీలనల్లో తేలినది. శరీరానికి తన కోటా తెలుసు. దుకాణంలో తూకం తగ్గిస్తే ఇంకొకసారి వచ్చి తీసుకుపోతుంది.

చక్రం మబ్బును అదుపు చేస్తుంది గాని అలవాటును అదుపు చేయదు. అది మన చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది, తిప్పేది మాత్రం లోపలి నికోటిన్. ఈ సభలో మేము చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

పాత పొగ, కొత్త వేషం

ఈ మోసం కొత్తది కాదు. అక్బరు పాదుషా చివరి రోజుల్లో, సుమారు 1604 ప్రాంతాన, అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరు నుంచి పొగాకు తెచ్చి, రత్నాలు చెక్కిన గొట్టంతో సహా పాదుషాకు సమర్పించాడు. పాదుషా రెండు మూడు దమ్ములు లాగేసరికి హకీము అడ్డుపడ్డాడు, ఇదేమిటో మన వైద్య గ్రంథాల్లో లేదు, వద్దన్నాడు. జహంగీరు 1617లో పొగాకును నిషేధించాడు కూడా. నిషేధం కాగితం మీద ఉండిపోయినది, హుక్కా మాత్రం దర్బారులోకి, దివాణాల్లోకి, ఇళ్ళలోకి వచ్చి కూర్చున్నది. పొగను నీళ్ళలోంచి పంపితే దోషం కడుక్కుపోతుందని జనం నమ్మారు. నీళ్ళు చల్లబరుస్తాయి గాని కడగవు.

మన గోదావరి లంకల్లో పండే పొగాకుతో చుట్టలు చుట్టేవారు. ఆ లంక చుట్ట పేరు 1890లో కోనన్ డాయల్ రాసిన షెర్లాక్ హోమ్స్ నవలలోకి కూడా ఎక్కినదంటే దాని పరపతి ఎంతటిదో చూడండి. మా పెద్దవాళ్ళలో చుట్ట లేనిదే పొద్దు పొడవని వాళ్ళు ఉండేవారు. "చుట్ట పొగ లోపలికి మింగము, నోట్లోనే ఉంచి వదుల్తాము, కనుక ఏమీ కాదు" అనేవారు. ఆ నోటికే వచ్చేది క్యాన్సరు. ఉత్తరాంధ్ర తీరం పల్లెల్లో ఆడవాళ్ళు నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగి అంగిట్లో పుండ్లు తెచ్చుకోవడం మీద 1950ల నుంచీ డాక్టర్లు రాస్తూనే ఉన్నారు.

తర్వాత ఫిల్టరు సిగరెట్ వచ్చినది, దూది అడ్డం ఉన్నది గదా అన్నారు. దాని తర్వాత లైట్ సిగరెట్. అది తాగేవాళ్ళు గట్టిగా, లోతుగా లాగి తమ కోటా తాము రాబట్టుకున్నారు. జబ్బులు తగ్గలేదు. ఆ లైట్ అనే మాట పెట్టెల మీద అచ్చు వేయకూడదని అమెరికా 2010లో ఆపించవలసి వచ్చినది. హుక్కాకు నీళ్ళు, సిగరెట్‌కు దూది, దీనికి చక్రం. వేషం మారినప్పుడల్లా మనం "ఇది నయం" అని చేతికి తీసుకున్నాము. వలీమా విందులో మేము చేసినదీ అదే.

సీసాలో ఉన్నది

నికోటిన్ ఎక్కడి నుంచో దిగిన వస్తువు కాదు. ఎక్కువభాగం పొగాకు ఆకు నుంచి తీసేదే. దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వైపు వెళ్ళినవాళ్ళు వర్జీనియా పొగాకు తోటలు, ఆకు ఎండబెట్టే బ్యారన్లు చూసే ఉంటారు. మన బంధువుల్లో ఆ పని మీద బ్రతికేవాళ్ళూ ఉన్నారు. రైతు మీద మాకు కోపం లేదు. కాని మంచులో తడిసిన పచ్చాకు కోసిన కూలివాళ్ళకు కళ్ళు తిరగడం, వాంతులు కావడం ఉన్నది, అది చేతుల చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి దిగడం వల్లనే. ఆకు పట్టుకుంటేనే అంత పని చేసే పదార్థాన్ని గాలించి, చిక్కబరిచి, స్ట్రాబెర్రీ వాసన వేసి సీసాకెత్తితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

ఒక సిగరెట్ కాలిస్తే ఒంటికి చేరే నికోటిన్ ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల ద్రవం ఉన్న 10 మిల్లీలీటర్ల బుల్లి సీసాలో 200 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే కంటిచుక్కల మందు సీసా అంతటి దానిలో, నూరు సిగరెట్లకు మించిన నికోటిన్.

ఆ కుర్రవాని ఇంట్లో జరిగినది ఇప్పుడు చెప్పాలి. పోయిన ఏడు రంజాన్ నెలలో ఒక సాయంత్రం. రోజా రోజుల్లో పగలంతా అతను దాన్ని ముట్టేవాడు కాదు. పధ్నాలుగు గంటలు ఆగగలిగేవాడు. కాని ఇఫ్తారు వేళకు ఖర్జూరం ఇంకా నోట్లో ఉండగానే చెయ్యి జేబులోకి పోయేది. ఆ సాయంత్రం తొందరలో ట్యాంకులో ద్రవం పోసి, సీసా మూత సరిగ్గా బిగించకుండా మంచం మీద పెట్టి డాబా మీదికి వెళ్ళాడు. రెండున్నరేళ్ళ కూతురు దాన్ని అందుకున్నది. పండు వాసన వేస్తే పసిదానికి ఏం తెలుస్తుంది? అదృష్టం కొద్దీ నోట్లోకి పోయినది కొద్దిగానే, మిగతాది గౌను మీద ఒలికినది. పది నిమిషాల్లో నోట చొంగ, వాంతులు, ఒళ్ళంతా చెమట, ముఖం తెల్లగా పాలిపోయినది. తల్లి గౌను విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి, బిడ్డను ఎత్తుకుని పరుగెత్తినది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో అతని పక్కన మేమూ కూర్చున్నాము. తరావీహ్ నమాజుకు పోవలసిన జనం అక్కడ చేరారు. తెల్లవారుజామున పాప కళ్ళు తెరిచి నీళ్ళు అడిగినది. అల్హందులిల్లాహ్.

అందరి కథా అట్లా ముగియలేదు. 2014 డిసెంబరులో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ఏడాది బిడ్డ ఒకడు ఈ ద్రవం నోట్లో పోసుకుని ప్రాణం విడిచాడు. ఆ తర్వాత, 2016 జనవరిలో, పిల్లలు తీయలేని మూతలు పెట్టాలని ఆ దేశం చట్టం చేసినది. మన దగ్గరకు దొంగచాటుగా వచ్చే సీసా మూతను ఎవరు పరీక్షిస్తారు?

తల్లులు ఈ నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి. పిల్లలు అటువంటిది మింగితే బలవంతాన కక్కించకండి. ఒంటి మీద పడితే బట్టలు తీసి నీళ్ళతో బాగా కడగండి. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తండి. ఆ సీసాను తప్పక వెంట తీసుకువెళ్ళండి. పరువు పోతుందని సీసా దాచిపెట్టవద్దు, డాక్టరుకు అదే దారి చూపిస్తుంది.

చట్టము, దొంగచాటు సరుకు

మన దేశంలో దీనికి చట్టం ఉన్నది. 2019 సెప్టెంబరు 18న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చినది, అదే ఏడు డిసెంబరులో అది చట్టమైనది. ఎలక్ట్రానిక్ సిగరెట్లు తయారుచేయడం, బయటి దేశాల నుంచి తేవడం, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరము. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే మూడేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. సరుకు నిల్వ చేసినా ఆరు నెలల దాకా జైలు లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. వాడినవాడికి వేరుగా శిక్ష రాయలేదు. కాని గల్ఫ్ నుంచి వచ్చే తమ్ముళ్ళూ, "మా ఫ్రెండుకి ఒకటి తెస్తున్నాను" అని పెట్టెలో వేసుకోవడం కూడా దిగుమతే అవుతుందని తెలుసుకోండి. దుబాయిలో 2019 నుంచి అమ్మకం చట్టబద్ధమే కావచ్చు, విమానం దిగిన చోటి చట్టం వేరు.

చదువుకున్న కుర్రాళ్ళు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు. "ఇంగ్లండులో డాక్టర్లే సిగరెట్ మానడానికి దీన్ని ఇస్తున్నారు కదా, ఇక్కడ బీడీ, సిగరెట్ అమ్మనిచ్చి దీన్ని ఆపడం ఏం న్యాయం?" ప్రశ్నలో పస ఉన్నది. కాల్చే సిగరెట్ కంటే దీనివల్ల హాని తక్కువని, మానడానికి కొందరికి పనికి వస్తున్నదని అక్కడి వైద్యులు అంటున్న మాట నిజమే. 2023లో పది లక్షల మంది పొగతాగేవాళ్ళకు ఇవి ఇస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించినది కూడా. కాని వాళ్ళు ఇచ్చేది ఎవరికి? ఇదివరకే పొగతాగేవాడికి, మానడానికి. ఎన్నడూ పొగ ముట్టని పిల్లవాడికి కాదు. అక్కడ ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు ఉన్నది. పిల్లలు ఎగబడుతున్నారని, చెత్త పెరుగుతున్నదని, వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి వాళ్ళే ఆపేశారు.

మన దగ్గర సీసాలో ఏమున్నదో చూసే నాథుడు లేడు. లెక్కలేని సరుకు ఏం చేస్తుందో 2019లో అమెరికాలో చూశాము. అక్కడ ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పీల్చినది నికోటిన్ ద్రవం కాదు, దొంగ బజారులో కొన్న గంజాయి నూనె, దానిలో కలిపిన విటమిన్ ఈ అసిటేట్. చట్టం మంచిదా కాదా అని వాదించుకోవచ్చు. ఇవాళ తణుకులో మన పిల్లవాడి చేతికి వచ్చేది మాత్రం దొంగ బజారు సరుకే.

మనం చేయవలసినది

మొదటిది, కొట్టవద్దు, తిట్టవద్దు. ఆ కుర్రవాని తమ్ముడు, ఇంటర్మీడియట్ చదువుతున్నవాడు, జీవితంలో ఒక్క సిగరెట్ ముట్టలేదు. అన్న పరికరాన్ని బాత్‌రూములో దొంగతనంగా లాగడం మొదలుపెట్టాడు. తండ్రికి తెలిసి బెల్టు తీశాడు. వాడు మానలేదు, ఇంకొక చోట దాచుకున్నాడు. పాప ఆసుపత్రిలో ఉన్న రాత్రి వాడే ఏడుస్తూ వచ్చి మాకు చెప్పాడు. తిట్టిన నోటికి నిజం చెప్పరు పిల్లలు.

రెండవది, పెద్దవాళ్ళం మన నోరు కడుక్కుందాము. 2016-17లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి 28 మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలినది. చేతిలో బీడీ పెట్టుకుని కొడుకుకు నీతి చెబితే వాడు వింటాడా? ఖైనీ, గుట్కా సంగతీ అంతే. ఇకమీదట మన సంఘం జరిపే ఏ సభలోనూ, ఏ విందులోనూ, ప్రాంగణంలో పొగాకు ఏ రూపంలోనూ ఉండకూడదని మేము ప్రతిపాదిస్తున్నాము. కమిటీ సభ్యులకు మినహాయింపు లేదు. మాలో సిగరెట్ తాగేవాళ్ళు ఇద్దరున్నారు, ఆ ఇద్దరూ ఈ ప్రతిపాదనకు సంతకం పెట్టారు.

మూడవది, మానదలచినవాళ్ళు చక్రాన్ని నమ్ముకోవద్దు. ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీన పరికరం, సీసాలు, చార్జరుతో సహా ఇంట్లోంచి తీసేయండి. మొదటి మూడు నాలుగు రోజులు కష్టం, తలనొప్పి, కోపం, నిద్రపట్టకపోవడం ఉంటాయి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కోరిక పుట్టినప్పుడు కొద్ది నిమిషాలు ఓర్చుకుంటే అది అలలాగ తగ్గుతుంది. నీళ్ళు తాగండి, లేచి నాలుగడుగులు వేయండి. మందుల షాపుల్లో నికోటిన్ గమ్ దొరుకుతుంది. దాన్ని చూయింగ్ గమ్‌లాగ నమలకూడదు, కొంచెం నమిలి బుగ్గన పెట్టుకోవాలి. ఎంత, ఎన్నాళ్ళు అన్నది డాక్టరును అడిగి వాడండి. ప్రభుత్వం వారి ఉచిత ఫోను 1800-11-2356 ఉన్నది, మాన్పించడానికే పెట్టినది. ఆ అంకెలు మన ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తాము.

నాలుగవది, రంజాన్ మనకు చూపించే దారి. నెలంతా పగటిపూట ఆగగలిగినవాడికి ఆగే శక్తి లేదని ఎవరనగలరు? మిగిలినది ఇఫ్తారు నుంచి సహరీ దాకా ఉన్న కొద్ది గంటలే. ఆ గంటల్లో ఒంటరిగా డాబా ఎక్కనివ్వకుండా పక్కన ఒక మనిషి ఉంటే సగం గెలిచినట్టే. రాబోయే రంజాన్‌లో మానదలచినవాళ్ళకు తోడుగా రాత్రిళ్ళు కూర్చోవడానికి మా విభాగం నుంచి నలుగురం పేర్లు ఇచ్చాము. ఎవరు వచ్చారో, ఏం చెప్పారో బయటకు పొక్కదు. ఇది మా మాట.

ఆ కుర్రవాని సంగతి అడుగుతారు. ఆ మర్నాడు ఉదయం పరికరాన్ని మా చేతికిచ్చి "మీ దగ్గరే ఉంచండి చాచా" అన్నాడు. రెండు నెలల తర్వాత ఒకసారి వచ్చి తిరిగి ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు. టీ ఇచ్చాము. గంటసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్ళిపోయాడు. తర్వాత మళ్ళీ అడగలేదు. తమ్ముడు ఇంకా పూర్తిగా మానలేదు. వారానికి రెండుసార్లు మా దగ్గరకు వస్తున్నాడు, నిజం చెబుతున్నాడు. ప్రస్తుతానికి అది చాలు. పాప ఇదుగో, ముందు వరుసలో అల్లరి చేస్తున్న పిల్లల్లోనే ఉన్నది.

మూడేళ్ళ క్రితం షామియానా పక్కన మేము నవ్వకుండా, "ఏమిటిది నాయనా, ఎందుకు?" అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. ఆ మాట ఇవాళ మీ అందరి ముందు అడుగుతున్నాము. రేపు మీ ఇంట్లో, మీ వీధిలో మీరు అడగండి.